గోదాంలో ముప్పై ఏళ్ళున్న జ్యూక్‌బాక్స్ మళ్ళీ పాడుతుందా?

కరీంనగర్ నుంచి ఒకరు అడిగారు. వాళ్ళ తాతగారు అక్కడ హోటల్ నడిపేవారట. హోటల్ మూసేశాక అందులోని రాక్-ఓలా కంపెనీ జ్యూక్‌బాక్స్, అంటే నాణెం వేసి నంబరు నొక్కితే రికార్డు పాడే పెట్టె, గోదాంలోకి చేరింది, ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది. దాని పక్కనే వాళ్ళ బాబాయి వీడియోగేమ్ పార్లర్ నుంచి మిగిలిన ఒక గేమ్ డబ్బా కూడా ఉంది. ఆయన అడిగినవి మూడు. జ్యూక్‌బాక్స్‌కు ప్లగ్ పెట్టి చూడొచ్చా? మన వైపు బాగుచేసేవాళ్ళు ఉంటారా? హైదరాబాద్ డీలర్ ఒకాయన రెండూ తీసుకుని బదులుగా ఒక పిన్‌బాల్ మెషీన్ (వాలు బల్ల మీద గోళీని కొట్టి ఆడేది) ఇస్తానంటున్నాడు, ఇచ్చేయాలా?

ముందు సూటిగా జవాబులు. ప్లగ్ పెట్టకండి, ఒక్క నిమిషం కోసమైనా సరే. బాగవుతుంది, అందులో చాలా పని కరీంనగర్, వరంగల్ దాటకుండానే అవుతుంది. పిన్‌బాల్ సంగతి, ఆ మెషీన్‌ను మూత ఎత్తి లోపల చూడకుండా ఒప్పుకోవద్దు. ఇప్పుడు కారణాలు, కొంచెం పొడుగ్గానే చెబుతాను.

నాది హనుమకొండలో రేడియో, టీవీ రిపేరు దుకాణం. తొంభైల్లో వరంగల్, కాజీపేట, పరకాల పార్లర్ల గేమ్ బోర్డులు ఖరాబైతే నా బల్ల మీదికే వచ్చేవి. జ్యూక్‌బాక్సులు ఆ తర్వాత మొదలయ్యాయి. సికింద్రాబాద్ ఇరానీ హోటళ్ళ సామాను కొన్నవాళ్ళు వాల్వు సెట్లు తెలిసిన మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికి వాల్వులు ముట్టుకునేవాళ్ళు మా బజారులో పెద్దగా మిగల్లేదు.

ప్లగ్ ఎందుకు పెట్టకూడదు

మీది రాక్-ఓలా కాబట్టి షికాగోలో తయారైంది. అప్పటి అమెరికా మెషీన్లు 117 వోల్టులకు చేసినవి, మన కరెంటు 230. హోటల్లో వాడినప్పుడు మధ్యలో వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండే ఉంటుంది. అది ఇప్పుడు మెషీన్ లోపల ఉందా, హోటల్ గోడకే ఉండిపోయిందా అన్నది మొదట తేల్చుకోండి. నేరుగా 230 ఇస్తే ఆ తర్వాత నన్ను అడగడానికి మిగిలేది పెట్టె మాత్రమే.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా ఆగండి. వాల్వు ఆంప్లిఫయర్ అయితే లోపల కాగితం, మైనంతో చేసిన పాత కండెన్సర్లు ఉంటాయి. ఇన్నేళ్ళ వానాకాలాల తేమ వాటిలోకి ఎక్కి ఉంటుంది. వాల్వుకూ వాల్వుకూ మధ్య ఉండే కండెన్సర్ లీకైతే స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు, అంటే కరెంటును అదుపు చేసే జాలికి, పాజిటివ్ వోల్టేజి చేరుతుంది. వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంది, కాసేపట్లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. యాభై రూపాయల కండెన్సర్ మార్చకపోయినందుకు, ఎక్కడా దొరకని ట్రాన్స్‌ఫార్మర్ పోగొట్టుకుంటారు. ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, కొన్ని షార్టయి కూడా ఉండొచ్చు. కొన్ని మోడళ్ళలో ఏసీని డీసీగా మార్చే సెలీనియం రెక్టిఫయర్లు ఉంటాయి, చిన్న చిన్న రేకులు వరుసగా పేర్చినట్టు కనబడతాయి. అవి కాలితే వచ్చే పొగ విషం. మూసి ఉన్న గోదాంలో ఆ వాసన తగిలితే ఏమీ ఆలోచించకుండా మెయిన్ ఆపి బయటికి వచ్చేయండి. నేనైతే వాటిని తీసేసి సిలికాన్ బ్రిడ్జ్ వేస్తాను. సిలికాన్ తక్కువ వోల్టేజి మింగుతుంది కాబట్టి వరసలో ఒక రెసిస్టర్ కలిపి వోల్టేజిని పాత లెక్కకు దింపాలి. ఇది చాలామంది మరచిపోతారు.

అన్నిటికంటే పెద్ద శత్రువు ఎలుక. మిల్లుల పక్క గోదాముల నుంచి వచ్చిన ప్రతి మెషీన్‌లోనూ నేను ఎలుక గూడు చూశాను. వైర్ల మీది గుడ్డ, రబ్బరు కొరికి పెట్టి ఉంటుంది. రాగి తీగ రాగి తీగకు తగులుతూ ఉంటుంది.

అందుకే మొదటి పని కరెంటు లేకుండా చేయాలి. వెనక తలుపు తీసి, చెయ్యి పెట్టే ముందు ఫోటోలు తీయండి. ఎక్కువ ఫోటోలు. ఏ వైరు ఎక్కడిదో, ఏ స్ప్రింగు ఏ కొక్కేనికి ఉందో అన్నీ పడాలి. పెట్టె అడుగున రాలిపడిన స్క్రూలు, ప్లాస్టిక్ ముక్కలు, పాటల పేర్లు రాసిన చీటీలు ఏవీ పారేయకండి. ఆ చీటీల మీద మీ తాతగారి చేతిరాత ఉన్నా ఆశ్చర్యం లేదు, చాలా హోటళ్ళలో ఓనర్లే రాసుకునేవారు. దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులపండి. ఎలుకల చెత్త ఉంటుంది కాబట్టి మూతికి మాస్కు తప్పనిసరి.

కరెంటు ఇచ్చే రోజు వచ్చినప్పుడు పాత మిస్త్రీల పద్ధతి వాడండి: 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మెషీన్‌కు ఏమీ కాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచి గుర్తు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. డిమ్మర్‌స్టాట్ దొరికితే ఇంకా మంచిది, పాలిటెక్నిక్ ల్యాబుల్లో చూసే ఉంటారు, వోల్టేజి మెల్లమెల్లగా పెంచుకోవచ్చు. వాల్వు సెట్టులో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా కండెన్సర్లలో నిలవ ఉంటుంది. ఇది తెలియని మనిషి లోపల చెయ్యి పెట్టకూడదు. ఎర్తింగ్ కూడా చూడండి. ఈ మెషీన్లు రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చాయి. బయటంతా లోహమే, ఇంట్లో పిల్లలు తడి చేతులతో బటన్లు నొక్కుతారు. మూడు పిన్నుల వైరు వేసి బాడీకి ఎర్త్ ఇవ్వడమే నేను ఒరిజినల్‌ను మార్చే మొదటి పని.

అసలు చిక్కు వోల్టేజి కాదు, హెర్ట్జ్

దీని మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాడిన తర్వాత కూడా ‘ఏదో తేడాగా ఉంది’ అంటూ వచ్చే ఫోన్లన్నీ దీని గురించే.

అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు తిరుగుతుంది, మనది 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. రికార్డు పళ్ళేన్ని, అంటే టర్న్‌టేబుల్‌ను, తిప్పే ఏసీ మోటారు వేగం హెర్ట్జ్‌నే బట్టి ఉంటుంది. అంటే 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు) తిరగాల్సిన రికార్డు మన దగ్గర 37.5 దగ్గర తిరుగుతుంది. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల 36 సెకన్లు పడుతుంది. శ్రుతి హార్మోనియం మీద తెలుపు, నలుపు కలిపి మూడు మెట్లు కిందికి పోతుంది. ఘంటసాల గొంతు మధ్యాహ్నం భోజనం చేసి నిద్రమత్తులో పాడినట్టు వస్తుంది, సుశీల గొంతు ఎవరిదో పోల్చుకోలేరు. ఒకాయన ఇంట్లో ఇలాగే పాడుతుంటే ‘పాత రికార్డులు కదా, సాగిపోయాయి’ అని ఎవరో మెకానిక్ చెప్పి పంపాడట. రికార్డులు సాగవు.

కాబట్టి మోటారు మీది లేబుల్ చూడండి. ఎగుమతి కోసం చేసిన మెషీన్లకు 50 హెర్ట్జ్ మోటారో, దానికి తగిన తొడుగో కంపెనీవాళ్ళే వేసేవారు. హోటల్లో అన్నేళ్ళు వాడారంటే ఎవరో ఒకరు అప్పుడే సరిచేసి ఉండే అవకాశం కూడా ఉంది. లేబుల్ మీద 60 అని ఉన్నా మోటారు షాఫ్ట్ మీద ఇత్తడి బుష్ తొడిగి ఉంటే పని అయిపోయినట్టే, దాన్ని ‘బయటి ముక్క’ అని పీకేయకండి.

అలాంటిదేమీ లేదనుకుందాం. మోటారు షాఫ్ట్ ఒక రబ్బరు చక్రాన్ని తిప్పి, ఆ చక్రం టర్న్‌టేబుల్ అంచును తిప్పే రకమైతే మందు సులువు. ఆ రబ్బరు చక్రాన్ని ఐడ్లర్ అంటారు. షాఫ్ట్ మీద చక్రం ఆనే చోట వ్యాసాన్ని 20 శాతం పెంచాలి. 5 మిల్లీమీటర్లు ఉంటే 6 కావాలి. లేత్ మిషన్ మీద ఇత్తడి బుష్ చేయించవచ్చు. కొలతకు వెర్నియర్ సరిపోదు, మైక్రోమీటర్ ఉన్న దుకాణానికే వెళ్ళండి. బుష్ మధ్య రంధ్రం వెంట్రుకంత పక్కకు పోయినా పాట వణుకుతుంది. వీణ, ఫ్లూట్ ఉన్న పాట పెట్టి వింటే వెంటనే తెలిసిపోతుంది. నేను పని ఇచ్చే లేత్ మేస్త్రీ బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే మనిషి. ‘ఇంత చిన్న ముక్కకు ఇంత గొడవా’ అని మొదట నవ్వాడు. ఇప్పుడు పాట పెట్టి చూపిస్తే తప్ప పైసలు తీసుకోడు.

గేర్లతో తిప్పే మెకానిజం అయితే బుష్‌తో పని జరగదు. 50 హెర్ట్జ్ గేరు వెతకాలి, లేదా మోటారు ఒక్కదానికి 60 హెర్ట్జ్ ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ పెట్టాలి. మొత్తం మెషీన్‌కు పెట్టనవసరం లేదు.

వేగం సరిచూసుకోవడానికి స్ట్రోబ్ డిస్క్, అంటే చుట్టూ గీతలున్న గుండ్రటి కాగితం, ప్రింట్ తీసుకోండి. 45 ఆర్‌పీఎంకు మన 50 హెర్ట్జ్ వెలుతురులో 133 గీతలున్నది కావాలి. ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే 160 గీతలది అమెరికా వాళ్ళది, దాన్ని పట్టుకుని కుస్తీ పడితే వేగం ఎప్పటికీ కుదరదు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద తిప్పి చూడాలి, గీతలు కదలకుండా నిలిచినట్టు కనబడితే వేగం సరి.

హెర్ట్జ్‌కు ఇంకో తోక ఉంది. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే దాని ఇనుప కోర్ మీద అయస్కాంత భారం 20 శాతం పెరుగుతుంది, వేడెక్కుతుంది. మన ఎండాకాలం 44 డిగ్రీల్లో, మూసిన పెట్టెలో అది చిన్న విషయం కాదు. అందుకే నేను 117 పూర్తిగా ఇవ్వను, 105 దగ్గర ఆపుతాను. వాల్వుల హీటర్లు ఆ మాత్రం తగ్గుదలను తట్టుకుంటాయి. రాత్రిపూట మన లైన్లలో వోల్టేజి 250 దాటే ఊళ్ళున్నాయి, అక్కడైతే ముందు స్టెబిలైజర్, ఆ తర్వాతే స్టెప్‌డౌన్. స్టెప్‌డౌన్ కూడా ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా రెండు వైండింగులు వేరుగా ఉన్నది చుట్టించుకోండి. మెషీన్ ప్లేటు మీద రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉంటే నిశ్చింత.

మన వైపు ఎవరు చేస్తారు

‘జ్యూక్‌బాక్స్ రిపేర్’ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళు మీకు దొరకరు. పనిని ముక్కలు చేస్తే మాత్రం ప్రతి ముక్కకూ మనిషి ఉన్నాడు. ఉత్తర తెలంగాణలో ఏ మండల కేంద్రానికి వెళ్ళినా మోటారు వైండింగ్ షాపు ఉంటుంది, బోర్ల పుణ్యం అది. ట్రాన్స్‌ఫార్మర్లు, కాయిళ్ళు, మోటార్లు వాళ్ళు చుట్టేస్తారు. కాలిపోయిన కాయిల్‌ను పారేయకుండా చేతికిచ్చి, చుట్లు లెక్కపెట్టి తీయమనండి.

గట్టిపడిన ఐడ్లర్ రబ్బరుకు ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకు రబ్బరు ఎక్కించే వర్క్‌షాపు కావాలి, హైదరాబాద్‌లో ఉన్నాయి. బేరింగులు, బెల్టులు, ఓ-రింగులకు రాణిగంజ్. కండెన్సర్లు, రెసిస్టర్లకు కోఠి గుజరాతీ గల్లీ. పికప్ సూది, వాల్వులు మాత్రం బయటి నుంచి తెప్పించుకోవాలి. సూది మార్చకుండా పాత రికార్డు ఒక్కటి కూడా పెట్టకండి. అరిగిన సూది రికార్డు గాడిని దున్నేస్తుంది.

పైన మెరిసే పట్టీల విషయంలో తొందరపడొద్దు. అవి చాలావరకు జింక్ పోత మీద క్రోమ్ పూత. పూత లేచి గుంటలు పడితే ప్లేటింగ్ షాపువాడు యాసిడ్‌లో ముంచుతాడు, జింక్ కరిగి పట్టీ జల్లెడ అవుతుంది. గుంటలు ఉన్నవి ఉన్నట్టే తుడిచి వదిలేయడం నా పద్ధతి. పట్టీ అసలే లేకపోతే పెంబర్తి వెళ్ళండి. స్పీకర్ ముందు ఉండే ఒక అలంకారపు రేకు పోయిన మెషీన్‌కు, రెండో వైపు రేకును నమూనాగా చూపిస్తే అక్కడి మేస్త్రీ ఇత్తడి మీద కొట్టి ఇచ్చాడు. నికెల్ పూత వేయించాక ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడం కష్టమైంది.

ఇక మెకానిజం. రాక్-ఓలాలో ఈ భాగం చూడముచ్చటగా ఉంటుంది. రికార్డులు గుండ్రటి చక్రంలో నిలబడి ఉంటాయి, మీరు నొక్కిన నంబరు పైకి వచ్చేదాకా చక్రం తిరుగుతుంది, ఒక చెయ్యి రికార్డును పట్టుకుని తీసి టర్న్‌టేబుల్ మీద పడుకోబెడుతుంది. ముప్పై ఏళ్ళలో దీని గ్రీజంతా గట్టిపడి ఉంటుంది. చెయ్యి మధ్యలో ఆగిపోయి మోటారు మూలుగుతూ ఉంటే కారణం నూటికి తొంభై పాళ్ళు అదే. స్ప్రే డబ్బాతో కొట్టేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి. ఆ స్ప్రే పాత గ్రీజును పల్చన చేసి ఐడ్లర్ మీదికీ, క్లచ్చుల మీదికీ పారిస్తుంది. విప్పి, టర్పెంటైన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు కొంచెమే పూయాలి. షాఫ్టులకు కుట్టు మిషన్ నూనె ఒక చుక్క చాలు. రబ్బరును మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనే తుడవాలి.

గోదాం నుంచి కదిలించేటప్పుడు ఒక జాగ్రత్త. మెకానిజం స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది, దాన్ని బిగించే రవాణా బోల్టులు ఉంటాయి. అవి బిగించి, పికప్ చేతిని గుడ్డతో కట్టి, రికార్డులు తీసేసి, టాటా ఏస్‌లో నిలబెట్టే తేవాలి. పడుకోబెట్టి తెచ్చిన మెషీన్లో చక్రం ఊడి అద్దం పగలడం చూశాను.

రికార్డుల చిక్కు

ఇది ఎవరూ ముందు చెప్పరు. అమెరికన్ జ్యూక్‌బాక్స్ 45 రికార్డుకు మధ్య రంధ్రం 38 మిల్లీమీటర్లు. మన దేశంలో కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఈపీలు (చిన్న సైజు 45 రికార్డులు) చాలావాటికి ఎల్‌పీ లాగానే చిన్న రంధ్రం, 7 మిల్లీమీటర్లు. మీ మెషీన్లో ఉన్న రికార్డులు చూడండి. హోటల్ కోసం రంధ్రం పెద్దది చేయించి ఉంటారు, లేదా మెషీన్‌కే మార్పు చేసి ఉంటారు. కొత్తగా కొన్న తెలుగు ఈపీలకు రంధ్రం కొట్టించాలనుకుంటే ముందు ఆలోచించండి. కవరుతో సహా శుభ్రంగా ఉన్న పాత తెలుగు ఈపీకి రంధ్రం కొడితే దాని విలువ అక్కడితో సరి, పైగా మధ్యకు సరిగ్గా పడకపోతే పాట ఊగుతుంది. గీతలు పడినవి, మామూలుగా దొరికేవి మాత్రమే దీనికి వాడండి, మిగతావి మామూలు ప్లేయర్ మీద వినండి. ఇంకోటి, మన ఈపీలో ఒక్కో వైపు సాధారణంగా రెండు పాటలు. ఒక నంబరు నొక్కితే రెండూ పాడుతుంది. హోటళ్ళలో జనానికి ఇదే నచ్చేదట, ఒక్క నాణేనికి రెండు పాటలు. ఓనర్లకు నచ్చేది కాదనుకోండి.

ఇంట్లో పెట్టుకుంటే ఏ గొడవా లేదు. మళ్ళీ హోటల్లోనో కేఫ్‌లోనో పెట్టి జనానికి వినిపిస్తే మాత్రం పాటల హక్కుల లైసెన్సు తీసుకోవాలి. రికార్డు మీరు కొన్నదే అయినా సరే.

గేమ్ డబ్బా గురించి

దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, అలాగని పారేయకండి. తొంభైల్లో మన పార్లర్లలో ఉన్నవి చాలావరకు ఇక్కడి వడ్రంగులే ప్లైవుడ్, సన్‌మైకాతో చేసిన డబ్బాలు. లోపల మామూలు టీవీ పిక్చర్ ట్యూబు, ఎక్కడి నుంచో వచ్చిన నకలు బోర్డు. ‘ముస్తఫా’ అని మనమంతా పిలుచుకున్న ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, కాప్‌కామ్ 1993లో తెచ్చింది. మీ బాబాయి డబ్బాలో అదే ఉంటే పాత గేములు సేకరించేవాళ్ళ కంటే మీ వయసువాళ్ళే ఎక్కువ ధర ఇస్తారు.

బోర్డు చివర రెండు వైపులా 28 చొప్పున 56 రాగి కాళ్ళు ఉంటే అది జామ్మా కనెక్టర్. 1985లో జపాన్ వాళ్ళు పెట్టుకున్న కొలత ఇది, దీనివల్లే ఒక బోర్డు పీకి ఇంకోటి పెట్టడం నిమిషాల పని. బోర్డు చచ్చిందని తేల్చే ముందు 5 వోల్టులు కొలవండి, సప్లై దగ్గర కాదు, బోర్డు కాళ్ళ దగ్గర. తుప్పు పట్టిన కనెక్టర్‌లో అర వోల్టు తినేస్తే ఆట మొదలై ఆగిపోతూ ఉంటుంది. నా దగ్గరికి ‘ఐసీ పోయింది’ అని వచ్చిన బోర్డుల్లో ఎన్నో రబ్బరుతో కాళ్ళు రుద్దగానే లేచాయి.

పిక్చర్ ట్యూబు వెనక మాత్రం వెళ్ళకండి. 20 వేల వోల్టులకు పైన ఉంటుంది, ఆపేసిన తర్వాత కూడా ట్యూబు పట్టి ఉంచుతుంది. టీవీ చాసిస్ నేరుగా మెయిన్ కరెంటు మీద ఉండే రకమైతే మధ్యలో దాన్ని మెయిన్ నుంచి వేరు చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. పాత పార్లర్ డబ్బాల్లో అది లేకుండా నడిపినవి నేను చూశాను. జాయ్‌స్టిక్ లోహపు పట్టీ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమనేదని గుర్తుందా, కారణం అదే.

డీలర్ పిన్‌బాల్

ఏ మోడల్ అని మీరు రాయలేదు, జవాబు చాలావరకు దాని మీదే ఉంది. 1977 ముందటి వాటిలో అంతా రిలేలు, కాంటాక్టులు, మోటార్లు, అంటే ఓపిక ఉన్న ఎలక్ట్రీషియన్ అర్థం చేసుకోగలడు. ఆ తర్వాతి వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డులు. ఇవైతే వెనక పెట్టె తెరిచి బ్యాటరీ ఉన్న చోటు మొదట చూడండి. స్కోర్లు గుర్తుంచుకోవడానికి పెట్టిన బ్యాటరీ కారి, బోర్డు మీద పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉంటే రాగి గీతలు తినేసినట్టే. తక్కువ ఉంటే వెనిగర్‌తో తుడిచి, నీళ్ళతో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టి కాపాడవచ్చు. ఎక్కువ ఉంటే బేరం అక్కడే ఆపేయండి.

తర్వాత ఆట బల్ల పైకి ఎత్తి కింద చూడండి. గోళీని కొట్టే చెయ్యిని ఫ్లిప్పర్ అంటారు, దాని కాయిల్లో రెండు వైండింగులు ఉంటాయి. నొక్కగానే బలమైనది లాగుతుంది, ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక ఒక చిన్న స్విచ్ తెరుచుకుని కరెంటును పల్చటి వైండింగ్ వైపు తిప్పుతుంది. ఆ స్విచ్ అతుక్కుపోతే కాయిల్ మాడిపోతుంది. కాయిల్ మీది కాగితం నల్లబడిందా చూడండి. మళ్ళీ చుట్టించాల్సి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: దాని మీద 23-900 అని ఉంటే 23 గేజు తీగ, 900 చుట్లు. ఆ గేజు అమెరికా గేజు, 0.57 మిల్లీమీటర్లు. మన వైండింగ్ షాపులో 23 అని అడిగితే బ్రిటిష్ గేజు తీగ ఇస్తారు, అది 0.61. చుట్లు అన్నీ పట్టవు, పట్టినన్ని చుడితే కరెంటు ఎక్కువ లాగి మళ్ళీ కాలుతుంది. మన లెక్కలో 24 అడగండి, దగ్గరగా సరిపోతుంది.

వెనక అద్దం మీది బొమ్మ లోపలి వైపు రంగుతో వేసి ఉంటుంది. రంగు పొరలుగా లేస్తుంటే దాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం లేదు, తడిగుడ్డ తగిలితే ఉన్నది కూడా వస్తుంది. బాగా అమ్ముడైన మోడల్ అయితే విడిభాగాలు దొరుకుతాయి. 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ 20,270 మెషీన్లు అమ్ముడైంది, దానికి ఇవాళ్టికీ రబ్బర్ల నుంచి ప్లాస్టిక్కుల దాకా కొత్తవి తయారవుతున్నాయి. ఎవరూ వినని పేరైతే ప్రతి ముక్కా మీరే చేయించుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, ఆ బేరం వద్దు. డీలర్‌కు మీ జ్యూక్‌బాక్స్ విలువ తెలుసు, ఆయన మెషీన్ స్థితి మీకు తెలియదు. ఆన్‌లైన్‌లో కనబడే లక్షల ధరలు కూడా నమ్మకండి, అవి అడిగే ధరలు, అమ్ముడైన ధరలు కావు. మీ మెషీన్ ధరను తేల్చేవి నాలుగు: మెకానిజం పూర్తిగా ఉందా, ఆంప్లిఫయర్ అదేనా, ముందు అద్దం పగలలేదా, కాయిన్ తలుపు తాళంతో సహా ఉందా. ఇవన్నీ ఉంటే, పాడకపోయినా సరే, ఎవరి చేతా రంగు వేయించకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచండి. పాలిష్ కొట్టి అమ్మితే ధర పెరుగుతుందనేది ఫర్నిచర్ లెక్క, ఇక్కడ అది తగ్గుతుంది. చెదలు ఉంటే మాత్రం ఆగకుండా మందు కొట్టించండి, అది కూడా మెకానిజం బయటికి తీశాకే.

ముందు మోటారు లేబుల్, వెనక తలుపు మీది మోడల్ నంబరు ప్లేటు, ఆంప్లిఫయర్ పైభాగం, ఈ మూడింటి ఫోటోలు పెట్టండి. షాఫ్ట్ వ్యాసం మైక్రోమీటర్‌తో కొలిచి అది కూడా రాస్తే బుష్ కొలత లెక్కకట్టి ఇస్తాను.